ఏడవనాటి బుద్బుదం: పెయ్యా, కోడెయా?



మా చిన్ననాడు ఇంట ఆవు ఈనినదంటే పెరట్లోంచి పరుగెత్తుకొచ్చే పిల్లలను పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "పెయ్యా? కోడెయా?" పెయ్య అని వినగానే మా నాయనమ్మ ముఖం విప్పారేది. ఇరుగుపొరుగులకు జున్నుపాలు పంచేటప్పుడు ఆమె చేతిలో ఆ సంతోషం కనిపించేది. అదే నాయనమ్మ, మా మేనత్త కాన్పుకు పుట్టింటికి వచ్చి మూడవమారు కూడా ఆడపిల్లనే కన్ననాడు, వసారాలో గోడవైపు తిరిగి పడుకొని సాయంత్రందాకా లేవలేదు. కొట్టంలో వరమైనది పురిటింట ఎందుకు కాకపోయిందో మాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఆ జ్ఞాపకం మళ్ళీ కదలడానికి కారణం నా పూర్వ విద్యార్థిని ఒకామె. పశువైద్యం చదువుకొని, ఆవు అండాలను గాజుపాత్రలో ఫలింపజేసి పిండాలను పెంచే పనిలో ఉన్నది. కొన్నాళ్ళ కిందట మా ఇంటికి వచ్చినప్పుడు మాటల్లో ఇట్లా అన్నది: "మాస్టారూ, ఏడో రోజున పళ్ళెంలో అన్నిటికన్నా ముందు ఎదిగిన పిండాలను చూసి ఇవి మేలైనవి అని ఏరి పెడతామండీ. అట్లా ఏరినవాటిలో మగవి ఎక్కువ పడుతున్నాయని చాలాకాలం ఎవరూ గమనించలేదు."

ఆమె వెళ్ళిన తర్వాత కూడా ఆ మాట నన్ను వదలలేదు. నేను విజ్ఞానశాస్త్రం చదివినవాడను కాను. భాషాప్రవీణ చేసి, ముప్ఫై మూడేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రమించినవాడను. అయినా ఆమె పంపిన వ్యాసాలను నిఘంటువు పక్కన పెట్టుకొని, సందేహం వచ్చిన చోటల్లా ఆమెనే అడిగి, చదివాను. నాకు బోధపడినంత మేర ఈ కథను ఇక్కడ చెప్తున్నాను. ఇది ఆవుపిండాల కథ. అయితే మనం దేనిని చూసి "మేలు" అంటామన్న ప్రశ్న కూడా ఇందులో ఉన్నది.

ఆడా మగా అన్న భేదం గర్భంలో ఏనాడు మొదలవుతుంది? ఇది మానవుడు ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్న. మన గర్భోపనిషత్తు పిండం ఎదుగుదలను రాత్రుల లెక్కన చెప్తుంది. ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, పక్షం లోపల పిండం. భాగవతంలో కపిలుడు తల్లి దేవహూతికి చేసిన గర్భవర్ణనలో బుద్బుదం అయిదు రాత్రులకే ఏర్పడుతుంది. బుద్బుదమంటే నీటిబుడగ. ఆవుపిండం కూడా సుమారు ఏడవనాటికి లోపల నీరు నిండిన బుడగ అవుతుంది. ఆంగ్లంలో దానిని బ్లాస్టోసిస్టు అంటారు. ఇంతమాత్రాన మన ఋషులకు సూక్ష్మదర్శిని ఉండేదని వాదించే అలవాటు నాకు లేదు. పేరు చక్కగా అమరింది కనుక ఈ వ్యాసంలో ఆ దశను బుద్బుదమనే పిలుస్తాను.

లింగభేదానికి ఆ ఉపనిషత్తు చెప్పిన కారణం రేతస్సు యొక్క ఆధిక్యం. తండ్రిది అధికమైతే పురుషుడు, తల్లిది అధికమైతే స్త్రీ. చరకసంహిత పుంసవనం గురించి చెప్తూ, లింగం వ్యక్తం కాకముందే ఆ కర్మ జరగాలన్నది. అంటే తొలిదినాలలో ఆడమగ భేదం పైకి తేలని ఒక కాలం ఉంటుందన్న ఊహ ఆనాటికే ఉన్నది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో మరొక మాట అన్నాడు: తల్లి గర్భంలో మగశిశువు త్వరగా రూపు కడుతుందనీ, ఆడశిశువు ఆలస్యంగా రూపు కడుతుందనీ. ఆడప్రకృతిలో వేడి తక్కువ కావడం అందుకు కారణమని ఆయన వివరణ. ఈ మాటను మనసులో ఉంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇక ఆవుల సంగతి. ఈ ప్రశ్నకు ఆధునిక కాలంలో తొలి గట్టి సమాధానం దొరికినది ఆవు గర్భంలోనే. ఆవుకు కవలలు పుట్టి, ఒకటి కోడె, మరొకటి పెయ్య అయితే, ఆ పెయ్య పెరిగి పెద్దదైనా నూటికి 90కి పైగా సందర్భాలలో చూలు కట్టదు. మన పల్లెల్లో గొడ్డుమోతు అంటామే, అది పుట్టుకతోనే అట్లాంటిది. రోమను పండితుడు వర్రో తన వ్యవసాయ గ్రంథంలో గొడ్డుటావును ఎద్దు పేరుకు స్త్రీలింగం చేసి "తౌరా" అన్నాడు. ఇంగ్లండులో వీటిని ఫ్రీమార్టిన్ అనేవారు. 1779లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు వీటి శరీరాలను కోసి చూసి, ఆడ అవయవాలతో మగ లక్షణాలు కలిసి ఉన్నాయని రాశాడు. కారణం మాత్రం తెలియలేదు.

1916లో చికాగోకు చెందిన ఫ్రాంక్ లిల్లీ ఆ కారణం చెప్పాడు. అక్కడి కబేళాల నుంచి తెప్పించిన కవల పిండాలను పరిశీలించి, వాటి మావుల రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయని చూపాడు. మగపిండంలో బీజకోశం ముందుగా ఏర్పడుతుంది. దాని స్రావం రక్తం ద్వారా చెల్లెలికి చేరి, ఆమె అవయవాలను మార్చివేస్తుంది. అదే సమయానికి వియన్నాలో కెల్లర్, టాండ్లర్ అనే ఇద్దరు కూడా స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చారు. 1947లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాల నుంచి బీజకోశాలను తొలగించి చూడగా, అవన్నీ ఆడరూపంలోనే ఎదిగాయి. దీనితో ఒక సిద్ధాంతం స్థిరపడింది: బీజకోశం ఏర్పడేవరకూ పిండంలో ఆడా లేదు, మగా లేదు. ఆవులో ఆ ఘడియ సుమారు 40వ రోజున వస్తుంది. అంతవరకూ ఉన్నది నిర్లింగ దశ.

ఈలోగా మరొక దారిలో మరొక సత్యం బయటపడింది. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే విదుషి పిండిపురుగులను పరిశీలిస్తూ, ఆడపురుగు కణాలలోని క్రోమోసోములన్నీ పెద్దవి కాగా, మగపురుగులో ఒకటి చిన్నదిగా ఉన్నదని కనుగొన్నది. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ కూడా క్రోమోసోములకూ లింగానికీ ఉన్న సంబంధాన్ని చూపాడు. ఆవుకు క్రోమోసోములు 60. అందులో లింగాన్ని నిర్ణయించేవి రెండు. పెయ్యకు రెండు ఎక్స్‌లు, కోడెకు ఒక ఎక్స్, ఒక వై. కనుక ఆడమగ నిర్ణయం శుక్రకణం అండంలో ప్రవేశించిన క్షణానే జరిగిపోతున్నది. కాని జోస్ట్ సిద్ధాంతం ప్రకారం ఆ నిర్ణయం 40 రోజులదాకా విప్పని ఉత్తరం వంటిది. ఉత్తరం వచ్చింది, ఎవరూ చదవలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆడదానికి రెండు ఎక్స్‌లు ఉంటే, ఆ ఎక్స్ మీది జన్యువులన్నీ మగవానికన్నా రెట్టింపు పని చేయవలసి ఉంటుంది కదా? 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ దీనికి సమాధానం చెప్పింది. ఆడజంతువు ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపుచ్చబడుతుంది, కనుక లెక్క సరిపోతుంది. నిద్రపుచ్చబడుతుంది సరే, ఏనాడు? మొదటి రోజునుంచేనా? కాదు. తొలిదినాలలో కొంతకాలం రెండు ఎక్స్‌లూ మేలుకొనే ఉంటాయి. ఈ చిన్న వ్యవధిని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన కథ సరిగ్గా ఆ వ్యవధిలోనే జరుగుతుంది.

అంత చిన్న పిండాన్ని చూడాలంటే దానిని గర్భం బయట పెంచగలగాలి. ఇది తేలికగా రాలేదు. 1890లో వాల్టర్ హీప్ ఒక కుందేలు పిండాలను మరొక కుందేలు గర్భంలో పెట్టి పిల్లలు పుట్టించాడు. ఆవులో పిండమార్పిడి వలన తొలి దూడ 1951లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టింది. 1960ల తొలినాళ్ళలో కేంబ్రిడ్జి పరిశోధకులు గొర్రెపిండాలను కుందేలు నాళంలో ఉంచి, ఆ కుందేలును విమానంలో దక్షిణాఫ్రికాకు పంపారు. అక్కడ గొర్రెల గర్భంలో పెడితే పిల్లలు పుట్టాయి. ఒక మందను పెట్టెలో పెట్టి పంపినట్లయింది.

గాజుపాత్రలో ఫలదీకరణ జరిగి పుట్టిన తొలి దూడ 1981 జూన్ 9న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, బెంజమిన్ బ్రాకెట్ బృందం కృషితో కన్ను తెరిచింది. దాని పేరు వర్జిల్. వ్యవసాయాన్ని కావ్యంగా పాడి, అందులో మూడవ భాగాన్ని పశుపాలనకే కేటాయించిన రోమను మహాకవి పేరు కూడా అదే. ఇంతకూ ఆ వర్జిల్ పెయ్యా, కోడెయా అంటారా? కోడె. ఒక్క దూడను బట్టి ఏమీ చెప్పలేమనుకోండి.

తర్వాతి పదేండ్లలో పని వేగం పుంజుకొన్నది. విస్కాన్సిన్‌లో నీల్ ఫస్ట్ బృందం, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ అనే పదార్థం ఎద్దు శుక్రకణాన్ని ఫలదీకరణకు సిద్ధపరుస్తుందని చూపింది. డబ్లిన్‌లో ఇయాన్ గోర్డన్ బృందం 1987 ప్రాంతంలో అండాన్ని పక్వం చేయడం మొదలుకొని అన్నీ గాజులోనే జరిపి ఆవును చూలు కట్టించింది. ఈ అండాలు ఎక్కడివి? కబేళాలో కోసిన ఆవుల అండాశయాల నుంచి తీసినవి. గోరువెచ్చని ఉప్పునీటిలో ఫ్లాస్కులో పెట్టి ప్రయోగశాలకు తెచ్చేవారు. ఇది చదివినప్పుడు నా మనసు కలుక్కుమన్నది. ఉన్నమాట దాచడం చరిత్ర కాదు కనుక రాస్తున్నాను.

పిండం ఎనిమిది, పదహారు కణాలదాకా వచ్చి గాజులో ఆగిపోయేది. ఆ గండం దాటించడానికి గొర్రె నాళంలో కొన్నాళ్ళు ఉంచేవారు. తర్వాత ఆవు నాళపు కణాలను పళ్ళెంలో పిండాలకు తోడుగా పెంచారు. 1972లోనే గొర్రె నాళంలోని ద్రవాన్ని పరీక్షించి, దానిని పోలిన కృత్రిమ ద్రవాన్ని టెర్విట్, విట్టింగ్‌హామ్, రౌసన్ అనే ముగ్గురు తయారుచేశారు. తల్లి ఇచ్చేది ఏమిటో కనిపెట్టి, దానికి బదులు ఏదో ఒకటి పళ్ళెంలో పోయడమే ఈ విద్య అంతా. ఆ "ఏదో ఒకటి" ఎంత ముఖ్యమో ముందుముందు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. ఆవు గర్భంలో ఫలదీకరణ ఏ గంటకు జరిగిందో చెప్పలేము. ఆవు ఆవుకూ కాలం మారుతుంది. కనుక ఏ పిండం వేగంగా ఎదిగిందో, ఏది మందంగా ఎదిగిందో పోల్చడానికి వీలులేదు. పళ్ళెంలో అట్లా కాదు. అండాలన్నిటికీ ఒకే గంటకు శుక్రకణాలు చేరుతాయి. పరుగుపందెంలో పిల్లలందరినీ ఒకే గీతమీద నిలబెట్టి ఈల వేసినట్లు. అప్పుడే ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది కనిపిస్తుంది.

1989లో డెన్మార్కులో అవెరి, ష్మిట్, గ్రెవ్ అనేవారు ఆవుపిండాల కణవిభజన వేగాన్ని గమనించి, తర్వాత వాటి లింగాన్ని పరీక్షించారు. వేగంగా విభజన చెందినవాటిలో మగవి ఎక్కువగా కనిపించాయి. 1992లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం నుంచి మరొక వ్యాసం వచ్చింది. ప్రయోగశాలలో ఫలించి ప్రయోగశాలలోనే పెరిగిన ఆవుపిండాల ఎదుగుదల వేగంలో లింగాన్ని బట్టి భేదమున్నదని దాని శీర్షికే చాటింది. రచయితలు షూ, యాదవ్, కింగ్, బెటరిడ్జ్. గోపాలుని కులనామం ఆ వరుసలో కనిపించేసరికి నాకు చిన్న ముచ్చట కలిగింది.

కాలాన్ని గమనించండి. 1990లోనే లండనులో పరిశోధకులు వై క్రోమోసోము మీద బీజకోశాన్ని వృషణంగా మలచే జన్యువును గుర్తించారు. దాని పేరు ఎస్.ఆర్.వై. జోస్ట్ సిద్ధాంతానికి అది పట్టాభిషేకం వంటిది. మగతనానికి తాళంచెవి దొరికిందని లోకమంతా అనుకొంటున్న ఆ సమయంలోనే, కోపెన్‌హాగెన్‌లోనూ గ్వెల్ఫ్‌లోనూ కొన్ని పళ్ళేలు వేరే సంగతి చెప్తున్నాయి. బీజకోశమన్నదే లేని, అవయవమన్నదే లేని, కంటికి ఆననంత చిన్న బుద్బుదంలో ఏడవనాటికే ఆడా మగా వేరువేరుగా నడుస్తున్నాయి. ఉత్తరాన్ని ఎవరో ముందే చదువుతున్నారన్నమాట.

ఇక్కడ అరిస్టాటిలును గుర్తు చేసుకోవాలి. మగది త్వరగా, ఆడది ఆలస్యంగా అన్నాడు కదా. రెండువేల మూడువందల ఏండ్ల తర్వాత ఆయన మాట నిజమని తేలిందా? నేను మొదట అట్లాగే అనుకొని కొంచెం దిగులుపడ్డాను. కథ అక్కడ ముగియలేదు.

కొన్ని ప్రయోగశాలల్లో ఈ భేదం స్పష్టంగా కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. ఎందుకు? 1996లో ఫిన్లండు నుంచి బ్రెడ్‌బాకా అనే ఇంటిపేరుగల ఇద్దరి పేర వచ్చిన వ్యాసం సమాధానం చూపింది. ఆ భేదాన్ని నడిపిస్తున్నది పళ్ళెంలోని గ్లూకోజు. ద్రవంలో గ్లూకోజు ఉంటే మగపిండాలు ముందుకు పోతున్నాయి. లేకపోతే ఆ తేడా మాసిపోతున్నది. 2001లో స్పెయినులో గుటియెరెజ్ అదాన్ బృందమూ, అమెరికాలోని మిస్సోరీలో మైకేల్ రాబర్ట్స్ బృందమూ వేరువేరుగా ఇదే దిక్కుకు చూపాయి. గ్లూకోజు ఎక్కువైన పళ్ళేలలో, పూర్తిగా విప్పారిన బుద్బుదంగా మారలేక వెనుకబడినవి ఆడపిండాలే ఎక్కువ.

అంటే పందెపు బాటలోనే కిటుకున్నది. పరుగెత్తేవారి కాళ్ళను చూశారు గాని, నేలను ఎవరూ చూడలేదు. ఆవు నాళంలోని ద్రవంలో గ్లూకోజు కొద్దిగానే ఉంటుంది. ఎన్నో ప్రయోగశాలల్లో వాడిన పోషకద్రవం సాధారణ శరీరకణాల పెంపకానికి తయారైనది. అందులో చక్కెర ఎక్కువ. "మగపిండం వేగవంతమైనది" అన్న వాక్యం నిజానికి "ఈ పళ్ళెంలో, ఈ ద్రవంలో, మగపిండం వేగవంతమైనది" అని ఉండవలసింది. నేను వ్యాకరణం చెప్పినవాణ్ణి. అధికరణార్థంలో వచ్చే సప్తమీ విభక్తిని వదిలేస్తే ఎంత అనర్థమో ఇక్కడ చూశాను.

మరి ఆడపిండానికి చక్కెర ఎందుకు గిట్టదు? ఇందాకటి రెండు ఎక్స్‌ల మాట ఇక్కడ అక్కరకు వస్తుంది. బుద్బుద దశలో రెండవ ఎక్స్ ఇంకా పూర్తిగా నిద్రపోలేదు. చక్కెరను ఒక పక్కదారిలో నడిపించే జి.6.పి.డి. అనే ఎంజైము జన్యువు ఎక్స్ మీదనే ఉన్నది. ఆడపిండానికి ఆ ఎంజైము మోతాదు ఎక్కువ. 1991లోనే గ్వెల్ఫ్ బృందం, మగపిండాలు మొత్తం మీద గ్లూకోజును ఎక్కువగా ఖర్చు చేస్తాయనీ, ఆడపిండాలలో ఈ పక్కదారి ఎక్కువ నడుస్తుందనీ కొలిచి చూపింది. ఒకే పొయ్యిమీద ఒకే వంట కాదు. రెండు ఇళ్ళల్లో దినుసులు ఒకటే, వండే తీరు వేరు.

2010లో స్పెయిను, ఐర్లండు, జర్మనీ పరిశోధకులు కలిసి, ఆడ మగ బుద్బుదాలలో పనిచేస్తున్న జన్యువులన్నిటినీ పోల్చారు. పనిచేస్తున్నవాటిలో మూడవవంతు జన్యువుల పని మోతాదు లింగాన్ని బట్టి మారుతున్నది. అవన్నీ ఎక్స్, వై మీద ఉన్నవి కావు. మిగిలిన క్రోమోసోముల మీదివి కూడా ఆ ప్రభావానికి లోనవుతున్నాయి. నిర్లింగ దశ అని పేరుపెట్టుకొన్న కాలంలో, కంటికి కనిపించే రూపం ఒకటే అయినా లోపలి వ్యవహారం మూడవవంతు వేరు.

మరొక సంగతి నాకు ఎంతో నచ్చింది. ఆవు కడుపులో పిండం నిలవాలంటే, "అమ్మా, నేనున్నాను" అని తల్లికి కబురు పంపాలి. లేకపోతే తల్లి శరీరం మళ్ళీ ఎదకు సిద్ధమవుతుంది. ఆ కబురు ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ఒక మాంసకృత్తు. ఆవులో ఆ కబురు గట్టిగా వెళ్ళేది 16, 17 రోజుల ప్రాంతంలో. మిస్సోరీ బృందం పళ్ళెంలోని బుద్బుదాలు వెలువరించే ఈ పదార్థాన్ని కొలిచింది. ఆడ బుద్బుదాలు మగవాటికన్నా సుమారు రెట్టింపు వెలువరిస్తున్నాయి. వేగంలో వెనుకబడిందని పక్కకు నెట్టిన పిండం కబురు పంపడంలో ముందున్నది. వేగమొక్కటే కొలత అయినప్పుడు ఈ రెండవ గుణం లెక్కలోకే రాదు.

ఇప్పుడు మా విద్యార్థిని అన్న మాట పూర్తిగా అర్థమైంది. ఏడవనాడు సూక్ష్మదర్శిని ముందు కూర్చొన్న మనిషికి ఆడమగ కనిపించదు. ఆ మనిషికి ఏ పక్షపాతమూ లేదు. పాడి మందకు పనిచేసేవారికైతే పెయ్యలే కావాలి. అయినా "బాగా విప్పారినవి, ముందు ఎదిగినవి" అన్న కొలతతో ఏరగా ఏరగా, చేతికి కోడెలు ఎక్కువ వస్తున్నాయి. పక్షపాతం ఎవరి మనసులోనూ లేదు. పళ్ళెంలో పోసిన చక్కెరలో ఉన్నది, కొలబద్దలో ఉన్నది. ఆవు గర్భం నుంచి కడిగి తీసిన పిండాలతో పుట్టే దూడల్లో ఆడమగల సంఖ్య దాదాపు సమానంగానే ఉంటున్నది కనుక, ఇది తల్లి చేసిన ఎంపిక అనడానికి వీలులేదు.

ఈ సమస్యకు పాడి పరిశ్రమ మరొక దారిలో పరిష్కారం వెతుక్కొన్నది. ఆవు జాతిలో ఎక్స్ మోసే శుక్రకణంలో వై మోసేదానికన్నా డి.ఎన్.ఏ. సుమారు 4 శాతం ఎక్కువ. ఆ చిన్న తేడాను కాంతితో పట్టి, శుక్రకణాలను ఒక్కొక్కటిగా వేరుచేసే యంత్రవిద్యను అమెరికాలో లారెన్స్ జాన్సన్ 1989లో కుందేళ్ళ మీద నిరూపించాడు. 1993లో ఆ పద్ధతిలో గాజు ఫలదీకరణతో దూడలు పుట్టాయి. మన రాష్ట్రాల్లో కూడా పెయ్యలకోసమని వేరుచేసిన వీర్యం ఇప్పుడు రైతులకు అందుతున్నది. ఇక పళ్ళెంలో ఎవరు ముందు ఎదిగితేనేమి అనుకోవచ్చు. కాని ఆ పళ్ళెంలో ఆడపిండాలనే పెంచదలచినప్పుడు, వాటికి ఏ తిండి సరిపడుతుందో తెలియడం మరింత అవసరమని మా అమ్మాయి అంటుంది.

గాజుపిండాల కథలో మనవారి పాత్ర లేదనుకోకండి. 1990లో హర్యానాలోని కర్నాలు జాతీయ పాడి పరిశోధన సంస్థలో ఈ పద్ధతిన తొలి గేదెదూడ పుట్టింది. దానికి ప్రథమ్ అని పేరు పెట్టారు. ఇంకొకటి మనకు మరీ దగ్గరిది. మన ఒంగోలు గిత్తలు 19వ శతాబ్దం రెండవ సగం నుంచి ఓడలెక్కి బ్రెజిలు చేరాయి. అక్కడ వాటికి వచ్చిన పేరు నెలోర్. మన నెల్లూరే ఆ పేరులో ఉన్నది. నేడు ఆ దేశపు పశుసంపదలో పెద్దభాగం ఆ వంశానిదే. ఈ శతాబ్దంలో గాజుపాత్రల్లో ఆవుపిండాలను పెద్దఎత్తున ఉత్పత్తి చేసిన దేశాలలో బ్రెజిలు ముందువరుసలో నిలిచింది. అందుకు ఒక కారణం, మూపురపు జాతి ఆవుల నుంచి ఒక్కమారు తీస్తే ఎక్కువ అండాలు దొరకడం. గుండ్లకమ్మ ఒడ్డున మేసిన ఆవుల వారసురాళ్ళ అండాలు సముద్రాలకు ఆవల గాజుపళ్ళేలలో బుద్బుదాలవుతున్నాయి.

గాజు అంటే గుర్తుకు వచ్చింది. మన భాషలో పాత్రకు వాడే గాజూ, ఆడపిల్ల చేతి గాజూ ఒకటే మాట. మా మేనత్త మూడవ కూతురికి పురిటిస్నానంనాడు నల్లగాజులు తొడిగినది మా నాయనమ్మే. ఆ వసారాలో పడుకొన్న మనిషి పదిరోజుల తర్వాత లేచి ఆ పని చేసింది. చేసిందన్న తృప్తి నాకున్నది. అయినా ఆ మొదటి సాయంత్రం మా అత్త కళ్ళు మరువలేను. పశువులో లింగాన్ని ఎంచుకోవడం మన దేశంలో ప్రోత్సహించే పని. మనిషిలో గర్భస్థ శిశువు లింగం చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టాన్ని 2003లో గర్భధారణకు ముందు జరిపే ఎంపికకు కూడా విస్తరించారు. విద్య ఒకటే, కోరిక తలకిందులు. అందుకే ఒకచోట సబ్సిడీ, ఒకచోట శిక్ష.

చివరికి ఒక మాట చెప్పి ముగిస్తాను. సాగనంపేటప్పుడు ఆ అమ్మాయిని అడిగాను: "అమ్మా, నువ్వు ఏ సంవత్సరం బ్యాచి? ఎక్కడ కూర్చునేదానివి?" ఆమె నవ్వి, "మూడో వరసలో, కిటికీ పక్కనండీ. మీకు గుర్తుండదులెండి మాస్టారూ, నేనెప్పుడూ చెయ్యెత్తలేదు కదా" అన్నది. నిజమే, గుర్తులేదు. ప్రశ్న అడగ్గానే చెయ్యెత్తినవాడే తెలివైనవాడని నా లెక్క. అట్లా ఎత్తినవాళ్ళల్లో మగపిల్లలే ఎక్కువ. వాళ్ళనే వక్తృత్వపు పోటీలకు పంపాను, వాళ్ళ పేర్లే నాకు నేటికీ కంఠస్థం. ఆడపిల్లల మీద నాకు చిన్నచూపు లేదని ప్రమాణం చేయగలను. పళ్ళెం ముందు కూర్చొన్న మనిషి కూడా చేయగలడు.

పిల్లలు పిండాలు కారు. పిండాలలో జరిగినదానిని పిల్లలకు అంటగట్టడం శాస్త్రం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఆలస్యంగా చెయ్యెత్తే పిల్లకు ఎక్స్ క్రోమోసోము కారణం కాదు. తరగతి నిండా నేను ఏమి పోసి ఉంచానన్నది కారణం కావచ్చు. జవాబు రావడానికి ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే మూడో వరసలోంచి ఏమి వినేవాడినో ఇప్పుడు తెలుసుకొనే దారిలేదు.

మీలో పశువైద్యం, జీవశాస్త్రం తెలిసినవారు నా తప్పులు దిద్దగలరు. బ్లాస్టోసిస్టుకు బుద్బుదం సరిపోతుందా, ఇంతకన్నా తేలిక తెలుగుమాట ఉన్నదా అన్నది కూడా చెప్పండి. తొందరేమీ లేదు. నిదానంగా ఆలోచించే చెప్పండి.